కుక్కకు నేర్పడం: పని చేసిన మరుక్షణం దానికి ఏం దొరికింది?

గేటు చప్పుడైతే చాలు మొరుగుతుంది. పిలిస్తే రాదు. చుట్టం వస్తే మీద పడుతుంది. నల్లగొండలో డాబా ఇంట్లో పెరిగే ల్యాబ్రడార్ మీదా, దేవరకొండ దిక్కు బాయికాడ కాపలా ఉండే ఊరకుక్క మీదా ఇవే కంప్లైంట్లు. వయసును బట్టి, జాతిని బట్టి నేర్చుకునే వేగం మారుతుంది గానీ నేర్చుకునే తీరు మాత్రం అన్నిటికీ ఒకటే. అందుకే ఏ కంప్లైంటుకైనా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఆ పని చేసిన మరుక్షణం దానికి ఏం దొరికింది?

గేటు దగ్గర మొరిగింది, పేపర్ పిల్లగాడు వెళ్లిపోయాడు. అతను ఎట్లాగూ వెళ్లేవాడే. కుక్క లెక్కలో మాత్రం తన మొరుగుడు పనిచేసింది, రేపు ఇంకా గట్టిగా అందుకుంటుంది. పిలవగానే వచ్చింది, మెడకు గొలుసు పడింది. చుట్టం మీదికి దూకింది, ‘దిగు దిగు’ అంటూ మీరు రెండు చేతులూ దాని మీద వేశారు. మీరు నెట్టాననుకుంటారు, అది ఆట మొదలైందనుకుంటుంది.

అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో పిల్లులను పెట్టెల్లో పెట్టి, అవి తలుపు తీసుకుని బయటపడడానికి ఎంతసేపు పడుతోందో కొలిచి తేల్చిన సంగతి ఇదే: ఫలితం బాగున్న పని మళ్లీ చేస్తాయి, బాగా లేనిది తగ్గిస్తాయి. తర్వాత బి.ఎఫ్. స్కిన్నర్ దాన్ని పూర్తి శాస్త్రంగా నిలబెట్టాడు. రెండో దారి రష్యాలో ఇవాన్ పావ్‌లోవ్ చూపించింది. అక్కడ కుక్క ఏ పనీ చేయనక్కర్లేదు. తాళం కొలిచే యంత్రం మెట్రోనోమ్ చేసే టిక్కుటిక్కుల తర్వాత ప్రతిసారీ తిండి వస్తే, కొన్నాళ్లకు ఆ టిక్కులకే దాని నోరు ఊరుతుంది. పని నేర్పాలంటే మొదటి దారి, భయం పోగొట్టాలంటే రెండో దారి. ఈ రెండూ కలిపి వాడడం వస్తే ఇంట్లో కుక్కతో వచ్చే తగువుల్లో చాలా వరకు తీరతాయి.

ముందు సరంజామా

ఉడికించిన కోడి, ఎముక లేకుండా, ఉప్పూ కారం ఏదీ లేకుండా. పది పదిహేను కిలోల కుక్కకు రోజుకు 50 గ్రాములు చాలు. పల్లీ గింజలో సగమంత ముక్కలు కోస్తే నూరుకు పైనే వస్తాయి. ముక్క పెద్దదైతే నమలడానికే టైమంతా పోతుంది, ఇరవై సార్లకే కడుపు నిండి మీ మొహం కూడా చూడదు. తాయిలాల వాటా రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటకూడదు, ఆ మేరకు గిన్నెలో అన్నం తగ్గించండి. కార్జం కోడికన్నా గట్టిగా లాగుతుంది, అయితే వారానికి ఒకటి రెండు రోజులకు మించి వద్దు. ఇంట్లో చేసే తేలిక పనులకు జొన్న రొట్టె తునకలు సరిపోతాయి.

కూరలోంచి తీసిన ముక్క మాత్రం కడిగినా పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి కుక్క నెత్తుటి కణాలను దెబ్బతీస్తాయి, మసాలాలో ఆ రెండూ లేనిదెప్పుడు? కిస్మిస్, ద్రాక్ష కిడ్నీలకు ముప్పు. చాక్లెట్ విషమే. ఉడికిన కోడి బొక్కలు చీలికలుగా విరిగి పేగులో గుచ్చుకుంటాయి.

తాడు కోసం దుకాణాల మీద పడనక్కర్లేదు. మంచానికి అల్లే నవారు పది మీటర్లు తీసుకుని ఒక కొసకు గట్టి కొక్కెం కుట్టించండి. దాన్ని మెడ పట్టాకు కాకుండా ఛాతీ బెల్టుకు తగిలించాలి. కుక్క పరుగు అందుకుని తాడు చివర ఒక్కసారి ఆగిందంటే ఆ కుదుపు మెడ మీద పడుతుంది.

టైము: ఒక్కో విడత మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడు విడతలు. ఆదివారం గంటసేపు కూర్చోబెట్టి నేర్పుతామంటే పని జరగదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర పొద్దున ఏడు లోపే, లేదంటే పొద్దు గూకి నేల చల్లబడ్డాకే. అరచెయ్యి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలు కూడా ఆ రోడ్డు మీద పెట్టించకండి.

‘భేష్’ అనే గుర్తు

కుక్క కూర్చుంది. మీరు జేబులో చెయ్యి పెట్టి, కవరు విప్పి, ముక్క తీసి ఇచ్చేలోగా అది లేచింది, తోక ఊపింది, మీ చెయ్యి నాకింది. ముక్క దేనికి వచ్చిందని అనుకుంటుంది? నాకినందుకు. ఈ మధ్య ఖాళీని పూడ్చడానికే గుర్తు కావాలి. 1940లలో స్కిన్నర్ దగ్గర పనిచేసిన కెల్లర్, మేరియన్ బ్రెలాండ్ దంపతులు ఇందుకే టక్కుమనే చిన్న రేకు బిళ్లను వాడారు. మీకు ఒక మాట చాలు: పొట్టిగా ఉండాలి, ఇంట్లో మామూలు మాటల్లో దొర్లకూడదు. ‘మంచిగ’ అయితే రోజుకు యాభై సార్లు వినబడుతుంది. ‘భేష్’ బాగుంటుంది. బటన్ పెన్ను చప్పుడైనా పర్వాలేదు.

మొదటి రెండు రోజులు ఏమీ నేర్పకండి. కుక్క ఊరికే నిలబడి ఉన్నప్పుడు ‘భేష్’ అనండి, ఒక సెకను లోపు ముక్క నోట్లో పెట్టండి. పదిహేను సార్లు. సాయంత్రం మళ్లీ పదిహేను. మూడో రోజు అది ఎటో చూస్తున్నప్పుడు ఒకసారి అని చూడండి. తల గిర్రున మీ వైపు తిరిగితే గుర్తు పట్టుకుందన్నట్టు. తిరగకపోతే ఇంకో రోజు ఇదే చేయండి.

ఇక్కడ ఎక్కువ మంది చేసే తప్పు ఒకటుంది. మాట కన్నా ముందు చెయ్యి కదులుతుంది. జేబు వైపు చెయ్యి వెళ్లగానే ముక్క వస్తుందని కుక్కకు తెలిసిపోయాక ‘భేష్’ అన్నా, ‘ఘోష్’ అన్నా దానికి ఒకటే. మాట ముందు, చెయ్యి తర్వాత. చెయ్యి కదలకుండా మాట అనడం అద్దం ముందు నిలబడి పది సార్లు మీరే ప్రాక్టీసు చేయండి, నామోషీ ఏం లేదు. ఇంకొక్కటి: ఒకసారి ‘భేష్’ అన్నాక ముక్క ఇచ్చి తీరాలి, పొరపాటున నోరు జారినా సరే.

కూసో

ఇది సులువు. ముక్కను దాని ముక్కు దగ్గర పట్టుకుని మెల్లగా నెత్తి మీదుగా వెనక్కి జరపండి. తల పైకి లేస్తుంది, నడుము కిందికి వాలుతుంది. పిర్ర నేలను తాకిన క్షణంలో ‘భేష్’, ముక్క. ఐదారు సార్లయ్యాక చేతిలో ముక్క లేకుండా అదే సైగ చేయండి, ముక్కను రెండో చేతితో ఇవ్వండి. ఈ మార్పు ఆలస్యమైతే ముక్క కనబడితే తప్ప కూర్చోని కుక్క తయారవుతుంది.

మాట చివర్లో చేరుతుంది. ‘కూసో’ అనండి, ఒక సెకను ఆగండి, అప్పుడు సైగ. రెండూ కలిపేస్తే కుక్క సైగనే చూస్తుంది, మాట దాని చెవికెక్కదు. మన ఇళ్లల్లో ఇంకో తంటా: తాత ‘బైఠో’ అంటాడు, పిల్లలు ‘సిట్’ అంటారు, అమ్మ ‘కూసో’ అంటుంది. ఏదో ఒకటి ఖాయం చేసి ఫ్రిజ్ మీద కాగితం అంటించండి. ఒకే మాటను నాలుగు సార్లు అనడం కూడా ఆపాలి. ‘కూసో కూసో కూసో’ అని అలవాటైతే మూడోసారికి కూర్చోవడమే అది నేర్చుకునే పాఠం.

హాల్లో కూర్చున్న కుక్క వాకిట్లో కూర్చోకపోతే పొగరు అనకండి. హాలు, మీరు కూర్చున్న కుర్చీ, చల్లటి బండలు, ఇవన్నీ కలిపి అది నేర్చుకున్న పాఠం. వాకిట్లో మళ్లీ మొదటి నుంచి చూపించండి, రెండో చోట సగం టైములో వస్తుంది, నాలుగో చోటుకు అసలు కష్టముండదు. ఎప్పుడు ముందుకు పోవాలో తెలియడానికి లెక్క పెట్టుకోండి: పదిలో ఎనిమిది సార్లు చేస్తే కొంచెం కష్టం పెంచండి, ఐదు లోపయితే ఒక మెట్టు దిగండి. పెంచేటప్పుడు దూరమో, సేపో, చుట్టూ గోలో, ఏదో ఒక్కటే. మూడూ ఒకేసారి పెంచితే కుక్క చేతులెత్తేస్తుంది.

దా

అన్నిటికన్నా ఎక్కువ కష్టపడాల్సింది దీని మీద. సూర్యాపేట దగ్గర హైవే పక్కన ఇల్లున్నవాళ్లకు ఈ ఒక్క మాట కుక్క ప్రాణమంత విలువైనది.

ఇంట్లో రెండడుగుల దూరంలో నిలబడి ‘దా’ అని ఒక్కసారే అనండి. మీ వైపు మొదటి అడుగు పడగానే ‘భేష్’. దగ్గరికి వచ్చాక ముందు పట్టా పట్టుకోండి, తర్వాత ముక్క. ఒకటి కాదు, వరుసగా మూడు నాలుగు, ఒకదాని తర్వాత ఒకటి. పట్టా ఎందుకంటే, చాలా కుక్కలు చేతికందే దూరం దాకా వచ్చి సరిగ్గా అక్కడ పక్కకు తప్పుకుంటాయి. పట్టా మీద చెయ్యి పడితే ఆట అయిపోయినట్టేనని వాటికి తెలుసు. చెయ్యి పడ్డాక ముక్క రావడం అలవాటైతే ఆ జంకు పోతుంది.

నాలుగైదు రోజులు అర్రలోంచి అర్రలోకి. తర్వాత వాకిట్లో. ఆపైన నవారు కట్టి, పంట లేని చెల్కలో. నవారు చేతికి చుట్టుకోకండి, వేళ్లు కోసుకుపోతాయి. నేల మీద ఈడ్చుకుంటూ పోనిచ్చి, అవసరమైతే కాలితో తొక్కి పట్టండి. ‘దా’ అన్నా రాకపోతే రెండోసారి పిలవకుండా నవారు పట్టుకుని మీరే దగ్గరికి నడవండి, ముక్క వాసన చూపిస్తూ వెనక్కి నడవండి, వస్తే ‘భేష్’. ఈసారి చిన్న ముక్క. తప్పు దానిది కాదు, దూరం ఎక్కువైంది.

వచ్చిన ప్రతిసారీ ఇంటికి తీసుకుపోకండి. పది సార్లు పిలిస్తే తొమ్మిది సార్లు ముక్క పెట్టి, ‘పో’ అని మళ్లీ వదిలేయండి. వాసన చూస్తూ తిరగడమే దానికి పెద్ద బహుమతి. ఇష్టమైన పనిని చూపి ఇష్టం లేని పని చేయించుకోవచ్చని మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ ప్రీమాక్ 1959లో సూత్రంగా రాశాడు, ఇంట్లో అమ్మలకు అంతకు ముందే తెలుసనుకోండి.

స్నానానికి, గోళ్లు తీయడానికి, గొలుసు వేయడానికి, తిట్టడానికి ‘దా’ వాడకూడదు. వాటికి మీరే వెళ్లి తీసుకురండి. ఇప్పటికే ‘దా’ పాడైపోయి ఉంటే, అంటే అనగానే కుక్క చెవులు వెనక్కి పెట్టి ఆగిపోతుంటే, దాన్ని బాగుచేయడం కన్నా ఈలకు మారడం తక్కువ పని.

గొర్లు, మేకలు, కోళ్లు

మహబూబ్‌నగర్ పల్లెల్లో పొద్దున పూట గొర్ల మంద దాటని బాట ఉండదు. వెంటపడడమే కుక్కకు పండుగ. మీరిచ్చే ముక్క ఆ పరుగు ముందు వెలవెలబోతుంది. కాబట్టి మొదటి పని ఆ పండుగ దొరక్కుండా చేయడం. నవారు లేకుండా మంద వేళకు బయట వదలకండి. సరదాకి ‘ఉస్కో’ అని ఎగదోసే పిల్లలకు కూడా గట్టిగా చెప్పాలి. ఒక్కసారి వెంటపడి మంద చెల్లాచెదురైతే, మీరు నెల రోజులు నేర్పింది నీళ్లపాలు.

మందకు ఎంత దూరంలో కుక్క వాటిని చూస్తూ కూడా ముక్క తింటుందో కనుక్కోండి. యాభై మీటర్లు కావచ్చు, నూరు కావచ్చు. అక్కడ నిలబడండి. గొర్రెను చూసింది, ‘భేష్’, ముక్క. మళ్లీ చూసింది, ‘భేష్’, ముక్క. మీరు ఇస్తున్నది చూసి ఊరుకున్నందుకు. కొన్నాళ్లకు గొర్రె కనబడగానే తల తిప్పి మీ వైపు చూస్తుంది. అప్పుడు ఐదు మీటర్లు దగ్గరికి జరగండి, అంతకు మించి వద్దు. నోట్లో పెట్టిన కోడి ముక్కను కూడా ఉమ్మేసిందంటే దగ్గరికి వచ్చేశారన్నట్టు, వెనక్కి నడవండి. నల్లమల అంచున, అమ్రాబాద్ దిక్కు ఉండేవాళ్లు ఎంత నేర్చిన కుక్కనైనా అడవిలోకి విడిచిపెట్టొద్దు. అక్కడ చిరుతలున్నాయి.

మానిపించాల్సినవి

కంచం దగ్గర అడుక్కోవడం చూడండి. ఇంట్లో అందరూ కచ్చితంగా ఉంటారు, నాయనమ్మ మాత్రం పదిసార్లలో ఒకసారి బల్ల కింద నుంచి రొట్టె తునక జారవిడుస్తుంది. రోజూ పెట్టే ఇంటికన్నా ఈ ఇంట్లోనే ఆ అలవాటు మొండిగా నిలుస్తుంది. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి కోసం కుక్క ఎంతసేపైనా కాచుకుంటుంది. ఇదే సూత్రాన్ని మీ వైపు తిప్పుకోవచ్చు: కొత్త పనికి ప్రతిసారీ ముక్క, బాగా వచ్చేశాక రెండుసార్లకు ఒకటి, తర్వాత నాలుగుకు ఒకటి, మళ్లీ వెంటవెంటనే రెండు, లెక్క చిక్కకుండా. ‘దా’కు మాత్రం ముక్క ఎప్పటికీ ఆపకండి.

ఇక కంచం దగ్గర ఇవ్వడం పూర్తిగా ఆపారనుకోండి. మొదటి మూడు నాలుగు రోజులు అడుక్కోవడం తగ్గదు, పెరుగుతుంది. మూలుగు అరుపు అవుతుంది, కాలు మోకాలి మీదికి వస్తుంది. ఇంతకుముందు పనిచేసిన మీట ఇప్పుడు పనిచేయట్లేదని గట్టిగా నొక్కి చూస్తోంది. సరిగ్గా ఈ ఘడియలోనే విసిగి ఒక బుక్క పెడతారు. అంటే అరవాలని నేర్పారు, ఇదివరకు మూలుగుతో సరిపోయేది. ఓపిక పడితే తగ్గుతుంది, ఒక వారం తర్వాత మళ్లీ ఒకరోజు తలెత్తుతుంది, అప్పుడూ ఇవ్వకపోతే చాలు. ఖాళీగా ఉంచకుండా దానికి ఇంకో పని చూపిస్తే త్వరగా సర్దుకుంటుంది: మీ భోజనం వేళకు పక్కన గోనెపట్టా పరిచి, దాని మీద పడుకుంటే అక్కడికే ముక్క.

చుట్టాల మీద దూకడానికి: దూకగానే వీపు తిప్పేయాలి, మాట లేదు, చూపు లేదు, చెయ్యి లేదు. నాలుగు కాళ్లూ నేల మీదున్న క్షణంలో పలకరింపు. చుట్టానికి ముందే ఫోన్‌లో చెప్పండి. గేటు దగ్గర మొరుగుడికి: గేటు కింది సగానికి రేకు కొట్టి చూపు మూసేయండి, కొంత తగ్గుతుంది. తాడు లాగడానికి: తాడు బిగిస్తే చెట్టులా నిలబడండి, సడలితే నడవండి. మొదటి వారం వంద మీటర్లకు పావుగంట పడుతుంది, ఆఫీసుకు పోయే ముందు ఈ పని పెట్టుకోకండి.

కొట్టడం సంగతి

దెబ్బ పనిచేయదని కాదు, అది ఏం నేర్పుతుందో మీ చేతుల్లో ఉండదు. చెప్పు కొరికిన గంట తర్వాత కొడితే, ఆ క్షణంలో దాని ముందున్నది మీరే కాబట్టి మీ మీద భయం నేర్చుకుంటుంది. తల వంచి, తోక ముడిచి ‘తప్పు తెలుసు’ అన్నట్టు నిలబడేది మీ గొంతు చూసే గాని, చెప్పును తలుచుకుని కాదు. అన్నిటికన్నా ప్రమాదం గుర్రుమన్నందుకు కొట్టడం. గుర్రుమనడం హెచ్చరిక. దెబ్బలతో హెచ్చరిక పోతుంది, కోపం పోదు, ఆ తర్వాత చప్పుడు లేకుండా కరుస్తుంది. గుర్రుమంటే ఆగి, దూరం జరిగి, దేనికి గుర్రుమందో చూడండి.

కరిచిందా, మీ కుక్కయినా సరే, గాయాన్ని సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం రాయొద్దు. కుక్కకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన టైముకు మళ్లీ.

డప్పులు, పటాకులు

కూన దశలో ఉంటే పని తేలిక. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల కొత్తవాటిని ఎక్కువ జంకు లేకుండా ఒప్పుకుంటుంది. ఆ రోజుల్లో ట్రాక్టరు, ఆటో, గొంగడి కప్పుకుని కర్ర పట్టుకున్న మనిషి, బతుకమ్మ పాటలు, పిల్లల గుంపు, అన్నీ దూరం నుంచి చూపించి ముక్క పెట్టండి. టీకాలు పూర్తి కాకముందు చంకలో ఎత్తుకునే తిప్పాలి, నేల మీద దించితే పార్వో అనే ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బు అంటుకునే ప్రమాదం.

పెద్ద కుక్క ఇప్పటికే భయపడుతుంటే దీపావళికి రెండు నెలల ముందు మొదలుపెట్టండి. పటాకుల చప్పుడు ఫోన్‌లో పెట్టుకుని బ్లూటూత్ స్పీకరుకు కలపండి. ఫోన్ స్పీకరులో లక్ష్మీబాంబు దడ సరిగా పలకదు, దానికి అలవాటైన కుక్క అసలు బాంబుకు మంచం కింద దూరుతుంది. సౌండు అట్టడుగున పెట్టండి, కుక్క చెవి కదిపి మళ్లీ తన పనిలో పడేంత. చప్పుడు ముందు, రెండు సెకన్ల తర్వాత కోడి. చప్పుడు ఆగితే కోడి ఆగుతుంది. తలకిందులుగా, అంటే తిండి పెట్టి ఆపై చప్పుడు వేస్తే, తిండి చూసినా వణికే రోజు వస్తుంది. రోజుకు ఐదు నిమిషాలు, మూడు రోజులు నింపాదిగా తిన్నాకే సౌండు ఒక గీత పెంచండి. తినడం ఆపేసినా, నాలుకతో పెదాలు తడుపుకున్నా, గోడ వైపు జరిగినా రెండు గీతలు తగ్గించండి.

పండుగ రోజున చీకటి పడకముందే తిప్పి తీసుకురండి, మెడ పట్టా మీద మీ ఫోన్ నంబరు ఉండాలి. లోపలి అర్రలో తలుపులు మూసి కూలర్ ఫ్యాను పెట్టండి, దాని హోరు సగం చప్పుళ్లను మింగేస్తుంది. దగ్గరికొస్తే నిమరండి. నిమిరితే భయం పెరుగుతుందన్న మాటలో నిజం లేదు, భయం అది కావాలని చేసే పని కాదు కాబట్టి బహుమతితో పెరగదు.

వణుకు, చొంగ, తలుపులు గీరడం దాకా పోయే కుక్కకు ఈ పాఠం ఒక్కటే సరిపోదు. పశువైద్యుణ్ణి పదిహేను రోజుల ముందే కలవండి. ఉత్త మత్తు మందు వద్దని, భయాన్ని తగ్గించే మందు కావాలని విడమరిచి అడగండి. మత్తులో కదలలేక పడుకున్న కుక్కకు చప్పుళ్లన్నీ వినబడుతూనే ఉంటాయి. మనుషుల నిద్రమాత్ర సొంతంగా వేయకండి. రాసిచ్చిన మందును పండుగకు వారం ముందు మామూలు సాయంత్రం ఒకసారి వేసి, ఎంతసేపటికి పనిచేసిందో, ఎంతసేపు ఉందో రాసిపెట్టుకుంటే దీపావళి నాడు ఎన్ని గంటలకు ఇవ్వాలో తెలుస్తుంది.